మాటలతో గీసిన కన్ను

జూన్ 4

ఎడిటర్ గారు ఫోన్ చేశారు. కాంతి పుస్తకం రాతప్రతి నచ్చిందట. బొమ్మలు మాత్రం చేత్తో గీసి పంపితే కుదరదట.

"ఇప్పుడన్నీ కంప్యూటర్లోనే మేడమ్. మూడు సాఫ్ట్‌వేర్లు చెప్తాను, మీకు ఏది వీలైతే అది తీసుకోండి. కానీ మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా ఒక్కదాంట్లోనే ఉండాలి. మధ్యలో మార్చుకుంటే గీతల మందం తేడా వచ్చేస్తుంది."

"అయితే పెళ్ళి లాంటిదే" అన్నాను. ఆవిడ నవ్వి, ఆగస్టు దాటితే మాత్రం బొమ్మలు వాళ్ళ ఆర్టిస్టుకి ఇచ్చేస్తామని చల్లగా చెప్పి పెట్టేశారు.

ఆర్టిస్టు అందంగానే గీస్తాడు. కటకం తగలకముందే కిరణాన్ని వంచేస్తాడు. పిల్లలు అదే నేర్చుకుంటారు. ఆ పుస్తకంలో మాటలు ఎవరైనా రాయగలరు. బొమ్మలే నేను. వృత్తలేఖిని లేకుండా బోర్డు మీద సున్నా చుట్టే మేడమ్ అంటే కాలేజీలో ఇంకెవరూ కాదు. ఈ చేతికి మౌస్ పట్టుకోవడం ఒక లెక్కా?

జూన్ 7

మొదటి సాఫ్ట్‌వేర్ చూశాను. తెరకి నాలుగు వైపులా బొత్తాలు, ఒక్కోటి చీమంత. గీసినవాడికి మనుషుల కళ్ళు ఎంత ఉంటాయో తెలియదు కాబోలు. 'వక్రీభవనం' అని టైపు చేస్తే వత్తు ఊడి పక్కన పడింది. ఎడిటర్ గారిని అడిగితే నిజమే, అందులో తెలుగు అలాగే విరుగుతుందన్నారు. అమ్మయ్య. తప్పు దానిదే.

దీన్ని వదిలేశాను.

జూన్ 8

తలనొప్పి. హాల్లో ట్యూబ్‌లైటు మార్చమని ఆయనతో చెప్పాలి.

జూన్ 11

ట్యూబ్‌లైటు మార్చారు. ఆయన సిటీ బస్సు నడుపుతారు కాబట్టి ఇంట్లో చిన్న రిపేరు కూడా పెద్ద సర్వీసింగులా చేస్తారు. నిచ్చెన ఎక్కి, ఒక బూతుమాట మింగి, దిగి, చేతులు దులుపుకుని, "టీచరమ్మా, ఇప్పుడు సూర్యుణ్ణే తెచ్చి తగిలించాను, చాలా?" అన్నారు.

చాలన్నాను. పెద్ద తేడా ఏమీ లేదు.

తెల్లవారుజామున ఒక కల. నల్లబల్ల చెరువులా పరుచుకుని ఉంది. నేను సుద్దముక్కతో దాని మీద నడుస్తూ గీత గీస్తున్నాను. గీత వెనకాలే కరిగిపోతోంది. భయం వేయలేదు. కరిగిపోయే గీత అంత తెల్లగా ఉంటుందని తెలియదు.

జూన్ 15

రెండోది బాగుంది. గళ్ళ సాఫ్ట్‌వేర్ అని పేరు పెట్టుకున్నాను. తెర మీద గ్రాఫు కాగితంలా గళ్ళుంటాయి, గీతలు వాటికి అతుక్కుంటాయి. వత్తులు ఊడవు. బాణం మొన సన్నగా, పదునుగా వస్తుంది. ఇదే ఖాయం చేసుకుందామనుకున్నాను.

ఒకటే లోపం. మధ్యలో గళ్ళు ఉబ్బి ఉన్నాయి. గీతలు తిన్నగా వచ్చి, నడుమ కాస్త పొంగి, మళ్ళీ తిన్నగా పోతున్నాయి. తెర కింద ఎవరో పడుకుని మెల్లగా ఊపిరి తీసుకుంటున్నట్టు. కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. లోపమే కానీ, చూడటానికి ఎంతో బాగుంది.

స్టాఫ్ రూములో లెక్కల మాస్టారికి చూపించాను. పిల్లలు ఆయన్ని గొణుగుడు సార్ అంటారు. కీబోర్డు మీద వేళ్ళు ఆడినంతసేపూ పెదవులూ ఆడుతుంటాయి. ఎడిటర్ గారు చెప్పిన మూడో సాఫ్ట్‌వేర్ ఆయన ఎప్పట్నుంచో వాడుతున్నారు. అందులో మౌస్ ఉండదు. ఏ గీత ఎక్కణ్ణుంచి ఎక్కడికో వాక్యాల్లో రాస్తే అదే గీసుకుంటుంది. ఒక త్రిభుజానికి వ్యాసం రాయాలి! నాకు ఓపిక లేదన్నాను ఆయనతో.

ఆయన నా తెర వైపు వంగి చాలాసేపు చూశారు. "నాకు తిన్నగానే కనిపిస్తున్నాయండీ" అని గొణిగారు.

జూన్ 16

పాపం, మాస్టారు ఒకసారి కళ్ళు చూపించుకుంటే మంచిది.

జూన్ 20

పంపిన బొమ్మలు తిరిగొచ్చాయి. కిరణాలు నాభి దగ్గర కలవడం లేదట. రెండు బాణం మొనలు గీత మీద లేకుండా పక్కన గాల్లో ఉన్నాయట.

"హడావిడిలో పంపారా మేడమ్?" అని ఎడిటర్ గారు మెత్తగా అడిగారు. ఆ మెత్తదనమే బాగోలేదు.

మీ కంప్యూటర్లో తెరుచుకున్నప్పుడు జరిగి ఉంటాయన్నాను. సాఫ్ట్‌వేర్లు అలా చేస్తాయని వినడమే. ఎవరి దగ్గర విన్నానో గుర్తులేదు.

జూన్ 24

క్లాసులో పుటాకార దర్పణం. బోర్డు మీద సున్నా చుట్టాను. వెనక బెంచీ నుంచి చిన్న నవ్వు. ముందు వరసలో అమ్మాయి లేచి, ఎంతో మర్యాదగా, "మేడమ్, కలవలేదండీ" అంది.

"కలవకూడదు. దర్పణం కదా, కొంత భాగమే చాలు" అన్నాను.

అందరూ రాసుకున్నారు.

జూన్ 27

ఈ సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వచ్చారు. ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాను. సగం కప్పులో, సగం బల్ల మీద. ఆయన గుడ్డ తెచ్చి తుడిచారు. తర్వాత రెండో కప్పు తెచ్చి నా ముందు పెట్టి, "ఇందులో కూడా పొయ్యి" అన్నారు.

పోశాను. పడలేదు. చూశారా అన్నాను.

"ఇప్పుడు వేలు కప్పు అంచుకి ఆనించి పోశావు" అన్నారు.

నేను ఎప్పట్నుంచి అలా పోస్తున్నానో నాకే తెలియదు. ఆయనకి తెలిసినట్టుంది.

జూన్ 29

కంటి డాక్టరు దగ్గర తెల్లటి గది, చల్లగా ఉంది. చుక్కల మందు వేశాక లోకమంతా పాలలో కలిపినట్టయింది. ఆ తర్వాత ఆవిడ నా చేతికి ఒక కార్డు ఇచ్చింది. కార్డు నిండా గళ్ళు. మధ్యలో ఒక చుక్క.

"ఒక కన్ను మూసుకుని చుక్కనే చూడండి. గళ్ళు ఎలా ఉన్నాయి?"

ఉబ్బి ఉన్నాయి. మెల్లగా ఊపిరి తీసుకుంటున్నట్టు.

ఈ కార్డులో కూడా లోపం ఉందండీ అని నోటి దాకా వచ్చింది. పక్కన కూర్చున్న ఆయన కార్డు తీసుకుని చూశారు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "తిన్నగా ఉన్నాయే" అన్నారు.

రెండు కళ్ళలోనూ రెటీనా మధ్యభాగం క్షీణిస్తోందట. మందులతో కొంత నెమ్మది చేయగలరట, పోయింది తేలేరట. "అంచుల చూపు ఉంటుందమ్మా. నడుస్తారు, తిరుగుతారు, మీ పనులు మీరు చేసుకుంటారు. చదవడం, సన్నటి పని, ముఖాలు గుర్తుపట్టడం, ఇవి కష్టమవుతాయి" అంది డాక్టరు.

నేను ఫిజిక్సు చెప్తానన్నాను. కాంతి చెప్తానన్నాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "అయితే మీకు నేను బొమ్మ గీసి చూపించక్కర్లేదు" అంది.

జూలై 2

ఏమీ లేదు.

జూలై 3

కాలేజీలో ఎవరికీ చెప్పొద్దని ఆయనతో అన్నాను. అత్తయ్యకి కూడా.

జూలై 5

సెలవు పెట్టాను. జ్వరమని రాశాను.

ఆయన ముఖం నేరుగా చూస్తే మధ్యలో చిన్న మబ్బు నిలబడుతోంది. చెవి వైపు చూస్తే ముఖం పక్క నుంచి నెమ్మదిగా వచ్చి చేరుతోంది. అదే చెప్పాను.

"ఇన్నేళ్ళకి నా చెవులకి గిరాకీ వచ్చింది" అన్నారు. ఇద్దరం నవ్వాం. ఆయన ముందు ఆపేశారు.

జూలై 6

నిన్న రాసిన వరస మీదే ఈ రోజు కూడా రాస్తున్నానట. ఆయన లావు స్కెచ్ పెన్ తెచ్చిచ్చారు. ఒక పేజీకి పది మాటలు పడతాయి. దొరల డైరీలా ఉంది.

ఎడిటర్ గారి ఫోను రెండుసార్లు వచ్చింది. ఎత్తలేదు. గళ్ళ సాఫ్ట్‌వేరు కంప్యూటర్లోంచి తీసేశాను. ఏదో కక్ష ఉన్నట్టు.

జూలై 9

"ఊరికే ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, వచ్చి బస్సులో కూర్చో" అన్నారు. వెళ్ళాను. ఆయన వెనక సీటు, కిటికీ పక్కన. మధ్యాహ్నం కాబట్టి జనం పల్చగా ఉన్నారు. వాన పడి వెలిసింది.

అద్దం అవతల ఊరు కదిలింది. నేరుగా చూస్తే ఏదీ లేదు, బూడిద రంగు దూది. చూపు కొంచెం పక్కకి జారిస్తే అన్నీ అంచుల్లోంచి ఈదుకుంటూ వచ్చేవి. ఎర్ర గొడుగు. బాల్కనీలో తడి దుప్పట్లు. సైకిలు చక్రం, దాని మీద సైకిలు లేదు. ఒక కుక్క సగం. అవి నా వైపే వస్తూ, మధ్యకి చేరేసరికి మాయమవుతూ ఉన్నాయి. అంత అందంగా ఎందుకున్నాయని కోపం వచ్చింది. తర్వాత కోపం కూడా ఎటో పోయింది. ఆ దూదిలో నేనూ తేలుతున్నట్టు హాయిగా ఉంది.

పోస్టాఫీసు దాటాక కుడి మలుపు. బస్సు తిరగకముందే నా ఒళ్ళు ఒరిగింది. వంతెన దిగాక ఎడమకి. మళ్ళీ ముందే ఒరిగాను. అద్దంలోంచి ఆయన చూస్తున్నారు కాబోలు.

"చూడకుండానే ఎలా తెలుస్తోంది నీకు?"

"ఎన్నేళ్ళు ఎక్కానండీ ఈ రూట్లో!"

"నాకూ అంతే. నేను రోడ్డు చూసి నడుపుతున్నానని అందరూ అనుకుంటారు. సగం స్టాపులు చెప్పుకుంటూ నడుపుతాను. మార్కెట్టు, బడి, ఆస్పత్రి, నీళ్ళ ట్యాంకు. స్టాపులు తెలిస్తే మధ్యలో రోడ్డు ఎక్కడికి పోతుంది?"

ఆయన అది ఊరికే అన్నారు. వెంటనే ఎవరో ఆటో అడ్డం తెస్తే వాణ్ణి తిట్టడంలో పడ్డారు. నేను మాత్రం మిగతా దారంతా కళ్ళు మూసుకుని కూర్చున్నాను. మూసుకున్న కళ్ళ వెనక ఒక కుంభాకార కటకం నిలబడి ఉంది. కిరణం బయలుదేరింది. కటకం దాకా తిన్నగా వెళ్ళింది. అక్కడ వంగింది. నాభి గుండా పోయింది. ఎక్కడా వణకలేదు, ఎక్కడా ఉబ్బలేదు.

జూలై 12

కాలేజీకి వెళ్ళాను. గొణుగుడు సార్ పక్కన కూర్చుని, "మీ వ్యాసాల సాఫ్ట్‌వేర్ నేర్పుతారా?" అని అడిగాను.

ఎందుకని అడగలేదు. కుర్చీ జరిపి కూర్చుని, "నేను బొమ్మ గీయనండీ. ఎలా ఉండాలో బొమ్మకే చెప్తాను. అది విని సర్దుకుంటుంది" అన్నారు. అప్పుడర్థమైంది ఆయన గొణిగేదంతా ఎవరితోనో.

"బొమ్మ మధ్యలో ఒక బిందువు పెట్టుకోండి. అది సున్నా, సున్నా. అన్నిటికీ అదే ఇల్లు. కుడికి వెళ్తే కూడిక, ఎడమకి వెళ్తే తీసివేత. ఇప్పుడు కటకం ఎక్కడ పెడతారు?"

"ఇంట్లోనే."

ఆయన నవ్వడం మొదటిసారి విన్నాను. వెళ్ళేముందు నా కంప్యూటరు తీసుకుని ఏదో సర్ది ఇచ్చారు. ఇప్పుడు అది నేను టైపు చేసిన ప్రతి వాక్యాన్నీ ఒక ఆడగొంతుతో చదివి వినిపిస్తుంది.

"నాకు వినడం అలవాటండీ" అన్నారు, ఆ గొంతు ఆయన కోసమే అన్నట్టు. వెళ్ళిపోయారు. నేనేమీ చెప్పలేదు కదా.

జూలై 14

ఈ డైరీ కూడా ఇప్పుడు టైపు చేస్తున్నాను. నా మాటలు నాకే పరాయి గొంతులో వినిపిస్తుంటే సిగ్గుగా ఉంది. తుడిచేద్దామంటే వినిపించాకే తుడవాలి.

అత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఎవరే ఆ పిల్ల? పొద్దుట్నుంచీ ఆగకుండా వాగుతోంది. కాసిని మంచినీళ్ళయినా ఇవ్వకూడదూ?" అంది.

కంప్యూటరన్నాను.

"అయితే మాత్రం? గొంతు ఎండిపోదూ?"

జూలై 18

ఒక కామా మరిచిపోతే బొమ్మంతా గీయనంటుంది. తప్పు ఏ వరసలో ఉందో చెప్తుంది, ఏం తప్పో చెప్పదు. మా ప్రిన్సిపాల్ గారిలాగే. పొద్దున్నంతా తిట్టుకున్నాను. ఎంత తిట్టుకున్నా ఒకటి ఒప్పుకోవాలి. గళ్ళ సాఫ్ట్‌వేరులో నా కిరణం నాభి దగ్గరికి వెళ్ళినట్టు కనిపించేది. ఇందులో వెళ్తుంది. కనిపించినా కనిపించకపోయినా.

జూలై 19

కల. ఎవరో చీకటి గదిలో అంకెలు చదువుతున్నారు. ఒక్కో అంకె దగ్గర ఒక్కో దీపం వెలిగింది.

జూలై 23

మొదటి బొమ్మ పూర్తయింది. వస్తువు నాభ్యంతరానికి రెట్టింపు దూరంలో. ప్రతిబింబం అవతల అంతే దూరంలో, అంతే ఎత్తు, తలకిందులుగా.

సరిగ్గా వచ్చిందో లేదో చూసేవాళ్ళు కావాలి. ఆయన స్నానం చేసి వచ్చి తుండుగుడ్డ భుజం మీద వేసుకునే కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఫిజిక్సుకి ఆయన ఆమడ దూరం. పెళ్ళైన కొత్తలో ప్రతిబింబం తలకిందులుగా ఎందుకు పడుతుందో చెప్తుంటే నిద్రపోయారు.

"మైనస్ ఆరు, రెండు నుంచి సున్నా, రెండు దాకా" అని చదివారు. "అంటే కటకం దాకా తిన్నగా. తర్వాత మూడు, సున్నా. అక్కణ్ణుంచి ఆరు, మైనస్ రెండు. ఓసి, ఇది రూటే కదా! బయలుదేరే స్టాపు, మలుపు, చేరే స్టాపు."

"రెండో కిరణం?"

"ఇది ఎక్స్‌ప్రెస్. కటకం మధ్యలోంచి ఆగకుండా పోయింది. ఇదీ ఆరు, మైనస్ రెండుకే చేరింది." తెర మీద వేలు పెట్టి ఇంకోసారి చూసుకున్నారు. "రెండు దార్లలో వచ్చి ఒకే చోట కలిశాయి. అందుకా అక్కడ ప్రతిబింబం పడేది?"

"అందుకే."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

చెప్పాను. నిద్రపోయారు. ఆ మాటే అంటే, ఆ సీను తనకి గుర్తులేదని బుకాయించారు.

జూలై 26

ఎడిటర్ గారికి ఫోన్ చేసి, మాటల సాఫ్ట్‌వేరే ఖాయం అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయారు. "అది కష్టం కదండీ, మా వాళ్ళే భయపడతారు. మీరు ఎందుకు ఎంచుకున్నారు?"

గీతలు ఖచ్చితంగా వస్తాయన్నాను. అబద్ధం కాదు.

ఆగస్టు 1

వరసగా వస్తున్నాయి. దర్పణాలు అయిపోయాయి. పట్టకం అయింది. దాన్నుంచి ఏడు రంగులు విడిపోయే కోణాలు నోటికే చెప్పాను, వేళ్ళు టైపు చేశాయి. ఈ మధ్య నడుస్తుంటే కూడా పెదవులు కదులుతున్నాయని ఆయనంటున్నారు. గొణుగుడు మేడమ్ అని పేరు పెట్టేస్తారు పిల్లలు.

క్లాసులో ఇప్పుడు బోర్డు మీద గీయడం లేదు. పిల్లలనే లేపి, కిరణం ఎక్కడుందో, ఎక్కడికి పోతుందో చెప్పిస్తున్నాను. ఒకడు చెప్తే ఇంకొకడు గీయాలి. కొత్త పద్ధతి అన్నాను. ప్రిన్సిపాల్ గారు మెచ్చుకున్నారు. కొత్త పద్ధతే మరి.

ఆగస్టు 6

చివరి బొమ్మ, మనిషి కన్ను. చాలా శ్రద్ధగా చేశాను. గుండ్రటి గోడ, ముందు కార్నియా ఉబ్బు, కంటిపాప, వెనకాల కటకం, లోపలి గోడకి రెటీనా. దృక్ నాడి బయటికి వెళ్ళే చోట అంధచుక్క. బయట ఒక చెట్టు. చెట్టు కొస నుంచీ మొదలు నుంచీ కిరణాలు వచ్చి, రెటీనా మీద చిన్న తలకిందుల చెట్టయ్యాయి. ప్రతి భాగానికీ పేరు.

గొణుగుడు సార్‌కి చూడమని ఇచ్చాను. ఒక్కో పేరూ చదువుకుంటూ వచ్చారు. ఆగిపోయారు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. బాగుందండీ."

"చెప్పండి."

ఆయన ఎప్పటికంటే చిన్నగా గొణిగారు. "పచ్చచుక్క పెట్టలేదండీ."

రెటీనా మధ్యలో ఉంటుంది, సన్నటివన్నీ చూసే చోటు. బొమ్మలో పెట్టవలసిన వాటిలో మొదటిది. ఇరవై ఏళ్ళుగా పిల్లలతో వల్లె వేయిస్తున్నది. అంధచుక్క పెట్టానట, అది మాత్రం పెట్టలేదట.

మర్చిపోయానన్నాను.

ఆయన తల ఊపారు. లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డారు, బయట చూడవలసిందేదో ఉన్నట్టు.

ఆగస్టు 7

మర్చిపోలేదు.

ఆగస్టు 8

పొద్దున వాన. అత్తయ్య పక్కన కూర్చుని కంప్యూటరు గొంతు వింటూ చిక్కుళ్ళు ఒలుస్తోంది. నేను ఆ ఒక్క వాక్యం దగ్గర కూర్చున్నాను. ఎక్కడ పెట్టాలో తెలుసు. కటకం మధ్యలోంచి గీత గీస్తే రెటీనాని తాకే చోట. లెక్క కూడా అక్కర్లేదు. వేళ్ళు మాత్రం కదలవు.

"ఆ పిల్ల మాట్లాడ్డం మానేసిందేం?" అంది అత్తయ్య.

"నేనేమీ చెప్పడం లేదు అత్తయ్యా."

"ఏం, నోరు నొచ్చిందా?"

అప్పుడు చెప్పాను అత్తయ్యకి. నా కళ్ళ మధ్యలో చూపు పోతోందని, పోయింది తిరిగి రాదని. చిక్కుళ్ళ చప్పుడు ఆగింది. తర్వాత తడి చేత్తో నా బుగ్గ తడిమింది. "కనిపించడం లేదని ఊరుకున్నావా ఇన్నాళ్ళూ? నాకు చెవులు వినిపించనప్పుడు, ఈ చెవి మిషను పెట్టించేదాకా ఇల్లెగిరిపోయేలా అరిచాను. నువ్వూ అరవకూడదూ?"

అరవలేదు. ఏడ్చాను. ఆవిడ పక్కనే కూర్చుని చిక్కుళ్ళు ఒలిచింది. వాన ఆగలేదు.

సాయంత్రానికి ఆ వాక్యం రాశాను. చోటు, పరిమాణం, రంగు, పేరు. రంగు పసుపు. కంప్యూటరు గొంతు దాన్ని కూడా అన్నిటిలాగే చదివింది, ఏ తేడా లేకుండా. బొమ్మ గీసుకుంది. తప్పు చూపించలేదు.

ఆగస్టు 13

ఎడిటర్ గారి ఫోను. బొమ్మలన్నీ అందాయి, అన్నీ ఒప్పుకున్నారు. కిరణాలు ఒక్కటి కూడా తప్పలేదట. ఇంత శుభ్రమైన ఫైళ్ళు తమ దగ్గరికి రాలేదట. ఆర్టిస్టు ఊసే లేదు.

"ఒక్క చిన్న విషయం మేడమ్. కంటి బొమ్మలో పచ్చచుక్కకి మీరు పసుపు రంగు వేశారు. మన పుస్తకం నలుపు తెలుపే కదా. అచ్చులో అది బూడిద రంగు మచ్చలా వస్తుంది. పరవాలేదా?"

"పరవాలేదండీ. నాకిప్పుడు అది అలాగే ఉంది" అన్నాను.

అవతల కాగితాల చప్పుడు ఆగిపోయింది.

"అంటే?" అన్నారు ఎడిటర్ గారు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "మీకు తీరికుంటే చెప్తాను" అన్నాను.

తీరిక ఉందన్నారు.